ఆఖరిదాకా విన్నవారు

జూన్ 15, ఆదివారం

ఇన్సూరెన్స్ ఏజెంటు జనవరిలో ఇచ్చిన ఈ డైరీ ఇన్నాళ్ళూ అమ్మ మంచం కుంటికోడు కింద ఉంది. ఇవాళ దాన్ని లాగి ఇటుకముక్క పెట్టాను. ఇక నుంచి ఫోన్లో ఎవరితోనూ ఏమీ మాట్లాడకూడదట. మాట్లాడకుండా ఉండడం నాకు యాభై రెండేళ్ళొచ్చినా అలవాటు కాలేదు. అందుకని ఇందులో రాసుకుంటాను.

తమ్ముడు ఫిన్నీ గుడి నుంచి నేరుగా ఇంటికొచ్చాడు. రాగానే వాడి ఫోనూ నా ఫోనూ తీసుకెళ్ళి బియ్యం డబ్బాలో పెట్టి మూత బిగించాడు.

“ఏంట్రా, తడిశాయా?” అన్నాను.

“తడవలేదక్కా. వింటున్నాయి.”

వాడి ఫోనుకి కంపెనీ నుంచి హెచ్చరిక వచ్చిందట. ప్రభుత్వాలకి మాత్రమే అమ్మే నిఘా సాఫ్ట్‌వేర్ ఒకటుందట, దాన్ని వాడి ఫోన్లో దూర్చడానికి ఎవరో చూశారట. అది దూరితే మనం ఫోన్లో మాట్లాడిందే కాదు, ఫోను పక్కన కూర్చుని గొణిగింది కూడా ఎక్కడో ఆఫీసులో కూర్చున్నవాళ్ళకి వినిపిస్తుందట. ఫిన్నీ లాయరు. కాలువలోకి రంగునీళ్ళు వదిలే ఫ్యాక్టరీ మీద, ఆ కాలువ నీళ్ళే తాగే ఊళ్ళవాళ్ళ తరపున కేసు వేశాడు. ఎవరి కంట్లో పడ్డాడో వేరే చెప్పక్కర్లేదు.

“నా ఫోన్లో ఏముందిరా? కాలేజీ ఆఫీసు గ్రూపు, సంఘం స్త్రీల గ్రూపు, పొద్దున్నే గులాబీపువ్వులు,” అన్నాను. నిజమే కదా. ఇంటర్ కాలేజీలో క్లర్కు ఫోను ఎవరికి కావాలి?

అసలు గొడవ అమ్మతో వచ్చింది. రోజూ తెల్లారగానే అమ్మ నా ఫోన్లోంచి ఫిన్నీకి ఫోన్ చేసి వాడి కోసం ప్రార్థన చేస్తుంది. వాడు అటు నుంచి ఆమేన్ అనాలి. అనకపోతే రోజు మొదలు కాదు. ఇక వద్దమ్మా అన్నాడు. అమ్మ మొహం చిన్నబోయింది.

“మరి నీకోసం ఎలా చేసేదిరా?”

“ఇంట్లోనే చెయ్యమ్మా. దేవుడికి సిగ్నలెందుకు?”

అమ్మకి ముందు ఫిన్నీ, తర్వాత యేసుప్రభువు, ఆ తర్వాత మిగతా లోకం. ఆ లోకంలో నేనున్నానో లేదో నాకు ఇప్పటికీ అనుమానమే.

జూన్ 19

వాట్సాప్‌లో ఎవరిదో పెళ్ళికార్డు వచ్చింది. కొత్త నంబరు. నొక్కితే ఏదో ఇన్‌స్టాల్ చేయమంది, సరే అన్నాను. కార్డు తెరుచుకోలేదు. ఎవరి పెళ్ళో ఏమో. చూడకపోతే ‘కార్డు పంపినా రాలేదు’ అని జన్మంతా నిష్ఠూరమాడతారు. ఆఫీసులో అందరినీ అడిగాను. ఎవరూ మాది కాదన్నారు.

జూన్ 22, ఆదివారం

అమ్మ ప్రార్థన గురించి ఒకసారి రాసిపెట్టుకోవాలి, నవ్వుకోడానికైనా.

మా సంఘంలో విజ్ఞాపన ప్రార్థన అంటే మా అమ్మ సంపూర్ణమ్మే చేయాలి. అయ్యగారు కూడా పక్కకి తప్పుకుంటారు. అమ్మ ఎవరి గురించీ ఊరికే ‘రోగులను స్వస్థపరచు’ అనదు. పేరు, ఇంటిపేరు, ఊరు, వీధి, ఏ కాలు, ఏ పన్ను, అన్నీ చెబుతుంది. దేవుడికి తెలియదా అంటే ఏమంటుందో తెలుసా?

“మీ నాన్నకి తెలీదా ఏంటే, నీకు ఎర్ర రిబ్బనంటే ఇష్టమని? అయినా ఎర్రదే తెమ్మని సైకిలెక్కిందాకా వెంటపడి చెప్పేదానివి. అలాగే ఇదీ. పేరు పెట్టి అడగనిది ప్రార్థన కాదు, ఆవలింత.”

ఇప్పుడు ఫోను బదులు ఇంట్లోనే చేస్తోంది. తనకి అక్షరాలు ఆనవు. అందుకని నేను ఫోన్లో అక్షరాలు పెద్దవి చేసుకుని వాక్యం చదువుతాను. చదివి ఫోను స్టూలు మీద పెట్టి కళ్ళు మూసుకుంటాను. అమ్మ మొదలుపెడుతుంది. ఫిన్నీ శనివారం శనివారం వచ్చి, ఫోన్లు బియ్యంలో పాతిపెట్టి, ఆ వారం సంగతులన్నీ తనకి చెప్పి వెళ్తాడు. చెప్పకపోతే అమ్మ వదలదు. “పేర్లు చెప్పరా, ఎవరికని అడగను?” అంటుంది. అవన్నీ ఇక వారమంతా దేవుడికి అప్పజెబుతుంది.

గోదావరి వరదైనా ఎప్పుడు తీస్తుందో చెప్పగలంగానీ అమ్మ ప్రార్థన చెప్పలేం. ఫిన్నీ పేరు అయ్యేసరికి నేను పాల గిన్నె కోసం లేచి వంటింట్లోకి వెళ్ళిపోతాను. ఆఖరిదాకా వినే ఓపిక దేవుడికే ఉండాలి.

జూన్ 27

నిద్ర లేదు. ఎన్ని నెలలయిందో. ఎవరికీ చెప్పలేదు. చెబితే అమ్మ బెంగపడుతుంది, ఫిన్నీ డాక్టరంటాడు. మంచినీళ్ళకి లేచినప్పుడు అమ్మ గురక పెడుతోంది. అదృష్టవంతురాలు.

జులై 5, శనివారం

ఫిన్నీతో హరిబాబు కూడా వచ్చాడు. ఇద్దరూ కలిసి లా చదివారు, ఈ కేసూ కలిసే చూస్తున్నారు. హరిబాబు అమ్మకి అరటిపళ్ళు తేకుండా రాడు. మంచి పిల్లాడు. మనవాళ్ళు కాకపోయినా గుమ్మం దగ్గర చెప్పులు విప్పి అమ్మ ప్రార్థన అయ్యేదాకా చేతులు కట్టుకు నిలబడతాడు.

కాలువ ఊళ్ళో వెంకటదుర్గ అనే ఆవిడ, పాపాయి అనే ముసలి రైతుని తోడు తీసుకెళ్ళి, ఫ్యాక్టరీ నీళ్ళు వదిలే చోట సీసాల్లో నీళ్ళు పట్టిందట. బుధవారం విశాఖపట్నంలో పరీక్షకి తీసుకెళ్తుందట. ఆ కాగితం చేతికొస్తే కేసు గెలిచినట్టే అన్నాడు ఫిన్నీ. ఎన్నాళ్ళకో వాడి మొహంలో నవ్వు చూశాను.

జులై 7

అమ్మ ఇవాళ: “తండ్రీ, పాపాయిని జ్ఞాపకం చేసుకో. కుడి మోకాలు నీ చేతిలో పెడుతున్నాను, చేలో గట్టెక్కలేకపోతున్నాడు. వెంకటదుర్గని జ్ఞాపకం చేసుకో. బుధవారం తెల్లారగట్ట బస్సులో బయల్దేరుతోంది. పచ్చ చేతిసంచిలో ఆ సీసాలు పగలకుండా నీ రెక్కల కింద దాచు.”

సంచి రంగు కూడా చెప్పాలా దేవుడికి? నవ్వాపుకోలేక వంటింట్లోకి పారిపోయాను.

జులై 9

బస్టాండులో పోలీసులు వెంకటదుర్గని ఆపారు. ఇంకెవరి సామానూ చూడలేదట. సరాసరి పచ్చ సంచే అడిగారట. సీసాలు పట్టుకుపోయారు.

జులై 12, శనివారం

ఫిన్నీ అన్నం తినలేదు. “మనలోనే ఎవరో చెప్పారక్కా,” అన్నాడు. బస్సు సంగతి తెలిసింది నలుగురికే. వాడికి, దుర్గకి, పాపాయికి, హరిబాబుకి.

హరిబాబు మీద నాకు మొదటి నుంచీ అనుమానమే. అన్నన్ని అరటిపళ్ళు ఊరికే ఎవరు తెస్తారు?

జులై 19, శనివారం

ఫిన్నీ ఒక్కడే వచ్చాడు. హరిబాబుని ఈ కేసు నుంచి తప్పుకోమన్నాడట. ఏమన్నాడని అడిగాను.

“ఏమీ అనలేదక్కా. ఫైళ్ళన్నీ సర్ది, తాడు కట్టి ఇచ్చాడు. ‘అమ్మగారికి పళ్ళు తెచ్చాను, నువ్వే ఇచ్చెయ్యి’ అన్నాడు.”

పళ్ళు అమ్మ తింది. నేను తినలేదు.

జులై 28

ఫోన్ ఊరికే వేడెక్కుతోంది. ఛార్జింగ్ మధ్యాహ్నానికే అయిపోతోంది. పాతదైపోయింది. ఆ పెళ్ళికార్డు ఎవరిదో ఇంకా తెలియలేదు.

నిద్ర లేదు.

ఆగస్టు 9, శనివారం

కాలువ ఊళ్ళో ఎవరో ఫ్యాక్టరీ గేటుకి నిప్పు పెట్టారు. ఫిన్నీ ఆ రోజు కోర్టులో ఉన్నాడు. అయినా కుట్ర అని వాడి పేరు రాశారట. బెయిల్ కాగితాలు తయారయ్యేదాకా కొన్నాళ్ళు కనిపించకుండా ఉంటానన్నాడు. ఎక్కడికిరా అంటే నాకు చెప్పలేదు. నా నోటి సంగతి వాడికి తెలుసు. అమ్మ మాత్రం చేయి పట్టుకుని వదల్లేదు.

“ఊరు చెప్పక్కర్లేదు. అన్నం పెట్టే మనిషి పేరు చెప్పరా. ఆ చేతుల కోసం అడగాలి.”

వాడు వంగి అమ్మ చెవిలో చెప్పాడు. ఫోను బియ్యం డబ్బాలోనే ఉంది. నేను గుమ్మంలో ఉన్నాను. నాకు వినపడలేదు.

ఆగస్టు 10, ఆదివారం

పొద్దున్న తెలిసిపోయింది. “రత్నమాణిక్యం చేతులు దీవించు తండ్రీ. జంగారెడ్డిగూడెం పామాయిల్ తోటల్లో నా బిడ్డకి ఇంత ముద్ద పెడుతోంది.” ఊరు చెప్పక్కర్లేదన్నది తనే. వాడి నోట్లోంచి ఊరు కూడా లాగేసిందన్నమాట. అమ్మకి చెప్పకుండా ఏదైనా దాచడం మా నాన్నవల్లే కాలేదు.

ఆగస్టు 12

ఫిన్నీని పట్టుకెళ్ళారు.

ఆగస్టు 17, ఆదివారం

పాపాయిని కూడా తీసుకెళ్ళారు. గుడిలో మా బెంచీలో మేమిద్దరమే కూర్చున్నాం. సంఘం స్త్రీల గ్రూపులోంచి ఒక్కొక్కరూ వెళ్ళిపోయారు. ఆ తర్వాత గ్రూపే తీసేశారు. అమ్మ అందులో పెట్టిన వాయిస్ ప్రార్థనలు అందరూ చెరిపేసుకోండని ఎవరో చెప్పారట. ఎవరు చెప్పారో నాకు తెలుసు. రాయను. పిల్లలున్నవాళ్ళు, భయపడతారు.

మా తరపున ఎవరు నిలబడతారా అనుకుంటే హరిబాబు వచ్చాడు. కాగితాల మీద అమ్మ సంతకం తీసుకున్నాడు. నేను కాఫీ ఇచ్చాను. మొహం చూసి ఇవ్వలేకపోయాను.

ఆగస్టు 30, శనివారం

పాపాయిని వదిలిపెట్టారు. సాయంత్రం కుంటుకుంటూ వచ్చాడు. పొలం పనులు చేసుకునే మనిషి, అరవై దాటాయి. అమ్మ లోపల పడుకుంది. వరండాలో కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చాను.

“కొట్టారా?” అన్నాను.

“లేదండి. కొట్టలేదండి. అక్కడో పెద్ద ఆఫీసరుగారున్నారండి, ఆయన నాకు కాఫీ ఇప్పించేరండి. ‘ఏం పాపాయీ, కుడి మోకాలు ఎలా ఉంది, సంపూర్ణమ్మగారు రోజూ ప్రార్థన చేత్తన్నారు కదా, తగ్గలేదా ఇంకా?’ అన్నారండి. పక్కనున్నోళ్ళు నవ్వేరండి.”

గ్లాసులో ఇంకాసిని నీళ్ళు పోశాను.

“అమ్మగారు నాకోసం ప్రార్థన చేత్తన్నట్టు నాకే తెల్దండి. ఆయనకెలా తెలిసిందండి?”

లోపల స్టూలు మీద నా ఫోను కనిపించింది. దాని పక్కన అమ్మ కళ్ళజోడు.

పాపాయి గ్లాసు కింద పెట్టి, “ఆయ్, వత్తానండి. అమ్మగారితో చెప్పండి, నొప్పి కాస్త నయంగానే ఉందని,” అన్నాడు. గేటు దాకా వెళ్ళి, గట్టు లేకపోయినా గోడ పట్టుకుని దిగాడు.

ఆగస్టు 31

పచ్చ సంచి. బుధవారం. రత్నమాణిక్యం. పామాయిల్ తోటలు. కుడి మోకాలు.

పచ్చ సంచి.

సెప్టెంబరు 1

ఆఫీసుకి సెలవు పెట్టి రేవుకి వెళ్ళాను. అందరూ గోదావరిలో రూపాయి బిళ్ళలు వేస్తున్నారు. నేను ఫోను వేశాను. పక్కన పిండాలు పెట్టిస్తున్న పంతులుగారు ఉలిక్కిపడి “ఏంటమ్మా అది?” అన్నారు. మొక్కుబడండీ అన్నాను. ఆయన నా మెడలో సిలువ చూసి ఇంకేమీ అడగలేదు.

సెప్టెంబరు 2

హరిబాబుతో చెప్పాను. వాడు తల పట్టుకున్నాడు.

“అక్కా, ఎంత పని చేశారక్కా. వాళ్ళు దొంగతనంగా విన్నారని చూపించడానికి మన దగ్గర ఉన్నది అదొక్కటే కదా.”

నేనేం చేయను, ఆ ఫోను ఇంట్లో ఉంటే ఇంట్లో పాము ఉన్నట్టుంది అన్నాను. వాడు కాగితం, పెన్నూ తీసి, “ఈ మధ్య ఏదైనా తెలియని లింకు నొక్కారా?” అని అడిగాడు.

లేదన్నాను. నేను ఏమీ నొక్కలేదు.

వాడి మీద ఎంత మాట అనుకున్నాం! ఆ మాట మాత్రం చెప్పాను. “తప్పయిపోయింది హరీ,” అన్నాను. వాడు నవ్వి, “పళ్ళు తెచ్చేవాణ్ణి కూడా నమ్మకపోతే ఎలా అక్కా,” అన్నాడు. వాడికి తెలుసన్నమాట నా సంగతి.

సెప్టెంబరు 5

అమ్మకి చెప్పాలి.

సెప్టెంబరు 6

ఇవాళ కూడా చెప్పలేదు. తెల్లారగానే అమ్మ మళ్ళీ అన్ని పేర్లూ చెప్పింది. స్టూలు మీద ఇప్పుడేమీ లేదు. నాకు మాత్రం ఉన్నట్టే ఉంది. గోడలకేసి చూస్తూ కూర్చున్నాను. పాలు పొంగిపోయాయి.

సెప్టెంబరు 10

చెప్పాను. అన్నం కలిపి పెడుతూ చెప్పాను, కళ్ళలోకి చూడక్కర్లేకుండా.

మొదట అమ్మ నవ్వింది. “విననియ్యవే. మంచిదేగా. ఆ వంకనైనా ప్రార్థన చెవిన పడుతుంది వాళ్ళకి.”

“అది కాదమ్మా. నువ్వు దుర్గ సంచి సంగతి చెప్పావు. అది విని బస్టాండులో ఆపారు.”

అమ్మ నమలడం ఆపేసింది.

“రత్నమాణిక్యం పేరు...”

“ఊరుకో,” అంది. కంచం నెట్టేసి, “అయితే నా బిడ్డని నేనే పట్టించానా?” అంది.

కాదమ్మా, నువ్వు కాదు, అన్నాను. నిజంగానే తను కాదు. మిగతాది చెప్పాల్సింది అప్పుడే. ఎవరు తలుపు తీశారో చెప్పాల్సింది. కంచం తీసుకుని లేచి వచ్చేశాను.

సెప్టెంబరు 14, ఆదివారం

గుడిలో ఆరాధన మధ్యలో అయ్యగారు ఎప్పట్లాగే, “ఇప్పుడు సంపూర్ణమ్మగారు విజ్ఞాపన ప్రార్థన చేస్తారు,” అన్నారు. అమ్మ ముందు బెంచీ పట్టుకుని నిలబడింది.

“తండ్రీ...” అంది.

అందరం తలలు వంచుకుని కళ్ళు మూసుకున్నాం. ఎంతకీ మాట రాలేదు. కళ్ళు తెరిచి చూశాను. అమ్మ కళ్ళు తెరుచుకునే ఉన్నాయి. ముందు వరసలో వాళ్ళ చేతుల్లో ఫోన్లు, బెంచీల మీద ఫోన్లు, పాటలు పాడించే కుర్రాడి దగ్గర ఫోను, పైన మైకు. ఒక్కొక్కటే చూస్తోంది.

“వాళ్ళు నీకు తెలుసు,” అంది. కూర్చుంది.

ఆమేన్ ఎప్పుడనాలో ఎవరికీ తెలియలేదు.

సెప్టెంబరు 15

ప్రార్థన లేదు.

సెప్టెంబరు 23

ప్రార్థన లేదు. మనసులో చేసుకోమ్మా అన్నాను. “మనసులో నాకు రాదే. పలికితేనే నాకు వాళ్ళు కనపడతారు,” అంది.

పొద్దున్నే ఇల్లు ఇంత నిశ్శబ్దంగా ఉంటుందని నాకు తెలియదు. పాలు సరిగ్గా పొంగే వేళకి దించుతున్నాను. ఒక్క రోజు కూడా పొంగిపోవడం లేదు.

అక్టోబరు 4

ఇంట్లో ఫోను లేదమ్మా, చూడు, నేను కొత్తది కొనలేదు, ఒక్కసారి గట్టిగా చెయ్యి అన్నాను. బతిమాలాను. అమ్మ నా చెంప నిమిరి, పక్కింటివాళ్ళ కిటికీ వైపు చూపించింది.

అక్టోబరు 11

అమ్మ తినడం లేదు. ఫిన్నీకి బెయిల్ ఇవ్వలేదు. ఈ రెండిట్లో ఏది ముందో, ఏది తర్వాతో నాకు తెలుసు. అమ్మ తినడం మానేసి నెల దాటింది.

అక్టోబరు 22

ఆసుపత్రి. ఆయాసం. నర్సు వచ్చి బీపీ చూసి, ఫోను మంచం మీద పెట్టి ఏదో రాసుకుంటోంది. అమ్మ నా చెయ్యి లాగింది. ఏదో చెప్పాలని పెదాలు కదుపుతోంది, కళ్ళు మాత్రం ఆ ఫోను మీదే.

“అది ఆ అమ్మాయిదమ్మా. ఏం కాదు, చెప్పు.”

నర్సు వెళ్ళేదాకా ఆగింది. వెళ్ళాక నన్ను దగ్గరికి రమ్మంది. చెవి ఆనించాను.

“వాడు తిన్నాడా?” అంది.

వాడి పేరు చెప్పలేదు. రోజుకి పదిసార్లు పిలిచే పేరు. ఫిన్నీ తిన్నాడా అనమ్మా అన్నాను. అనలేదు.

అక్టోబరు 24

అమ్మ పోయింది.

అక్టోబరు 26, ఆదివారం

ఫిన్నీని సమాధి దగ్గరికి పోలీసులు వెంటబెట్టుకుని తెచ్చారు. చిక్కిపోయాడు. వెంకటదుర్గ వచ్చింది, పాపాయి వచ్చాడు, జంగారెడ్డిగూడెం నుంచి ముసలావిడ ఒకరు వచ్చి శవపేటిక మీద చేతులు పెట్టి చాలాసేపు ఏడ్చింది. ఆవిడే రత్నమాణిక్యం అని తర్వాత తెలిసింది. సంఘంవాళ్ళు కూడా చాలామందే వచ్చారు. ఫోన్లు ఇళ్ళ దగ్గర పెట్టి వచ్చారు.

మట్టి వేశాక ఫిన్నీ నా పక్కకి వచ్చాడు.

“అక్కా, అమ్మ ప్రార్థనలు నీ ఫోన్లో ఉన్నాయి కదా, సంఘం గ్రూపువి. ఒక్కటి వినిపించవా? వాళ్ళు ఏమీ అనరులే.”

వాడి ఫోను పోలీసుల దగ్గరుంది. సంఘంవాళ్ళందరూ చెరిపేసుకున్నారు. నాది గోదావరిలో ఉంది. చెప్పాను. వాడు నేల చూస్తూ తలూపాడు.

ఎనభై ఏళ్ళు మాట్లాడిన మనిషి. మా దగ్గర ఒక్క మాట లేదు.

నవంబరు 13

జైల్లో ములాఖత్. జాలీకి అటు వాడు, ఇటు నేను. పక్కన అందరూ అరుచుకుంటూ మాట్లాడుతున్నారు.

ఇంటి దగ్గర నుంచి అనుకుంటూ వెళ్ళాను, చెప్పేశాను. “నేనేరా. జూన్‌లో ఎవరిదో పెళ్ళికార్డు వచ్చింది. నొక్కాను. హరిబాబు అడిగితే లేదన్నాను. అమ్మకీ చెప్పలేదు. అమ్మ తనే పట్టించాననుకుంటూ పోయిందిరా.”

తిడతాడనుకున్నాను. తిడితే బాగుండేది.

“శుభలేఖ వస్తే తెరవకుండా ఎవరుంటారక్కా మన జిల్లాలో,” అన్నాడు. “వాళ్ళకి మనం బాగా తెలుసు.”

తర్వాత వాడే అన్నాడు. “ఒక సంగతి చెప్పనా? అమ్మ గొంతు పోలేదక్కా. రెండు నెలల ప్రార్థనలు, రోజూ, మొదటి నుంచి ఆఖరిదాకా వాళ్ళ దగ్గరున్నాయి. మన దగ్గరే లేవు.”

నవంబరు 14

వాళ్ళ దగ్గరున్నాయి.

నవంబరు 30, ఆదివారం

హరిబాబుని అడిగాను. వద్దక్కా అన్నాడు. విన్నామని ఒప్పుకుంటే కేసు వాళ్ళకే చుట్టుకుంటుంది, చస్తే ఒప్పుకోరు, ఊరికే అవమానపడి వస్తారు అన్నాడు. నాకు కేసు వద్దు. నాకు అమ్మ కావాలి.

డిసెంబరు 11

వెళ్ళాను. పాపాయికి కాఫీ ఇప్పించిన ఆఫీసరు గదే. ఫోను లేదా అని గేటు దగ్గర రెండుసార్లు వెతికారు. లేదంటే నమ్మలేదు. ఈ రోజుల్లో ఫోను లేని మనిషేంటమ్మా అన్నాడు కానిస్టేబులు.

ఆఫీసరు రాక్షసుడిలా ఉంటాడనుకున్నాను. నా వయసే. నుదుటి మీద విభూతి, బల్ల మీద సగం తాగిన టీ.

“కూర్చోండమ్మా. చెప్పండి.”

“కేసు గురించి రాలేదండి. మా అమ్మ పోయింది. తన గొంతు మా దగ్గర ఎక్కడా లేదు. మీ దగ్గరున్న ప్రార్థనల్లో ఒక్క రోజుది ఇవ్వండి. ఎవరికీ చెప్పను. కోర్టుకీ చెప్పను. ఏ కాగితం మీద సంతకం పెట్టమన్నా పెడతాను.” కాలేజీ ఆఫీసు నుంచి తెచ్చుకున్న పెన్‌డ్రైవ్ ఆయన బల్ల మీద పెట్టాను.

ఆయన దాని వైపు చూశారు. నా వైపు చూడలేదు.

“మీకెవరో తప్పు చెప్పారమ్మా. మా దగ్గర అలాంటివేమీ ఉండవు. ఎవరి ఇంట్లో ఎవరు ప్రార్థన చేసుకుంటే మేమెందుకు వింటాం? మాకు వేరే పనుల్లేవా?”

“పోనీ, సగం ఇవ్వండి. పేర్లున్న చోట్లు తీసేసి ఇవ్వండి.”

“లేవంటున్నాను కదమ్మా.”

కసురుకోలేదు. అలసిపోయినట్టే అన్నారు. నా రోషమంతా ఎక్కడికి పోయిందో, ఏడుపు కూడా రాలేదు. నమస్కారం పెట్టి లేచాను. తలుపు దాకా వచ్చాను.

వెనక నుంచి ఆయన మెల్లగా అడిగారు.

“ఇప్పుడైనా నిద్ర పడుతోందామ్మా మీకు?”

పలకరింపుకి పడుతోందండీ అనేసి, రెండడుగులు వేశాక ఆగిపోయాను.

నాకు నిద్ర లేదన్న సంగతి నేనెవరికీ చెప్పలేదు. డాక్టరుకి చెప్పలేదు, ఫిన్నీకి చెప్పలేదు, అమ్మకి చెప్పలేదు. ఈ పుస్తకంలో తప్ప ఎక్కడా లేదు. మంచినీళ్ళకి లేచినప్పుడు అమ్మ గురక పెడుతూనే ఉండేది. గురక పెడుతున్నట్టే ఉండేది. పొద్దున్న నేను పాల కోసం లేచి వెళ్ళిపోయాక, ఫిన్నీ తర్వాత, అందరి తర్వాత, నా గురించి అడిగేదన్నమాట. రోజూ అడిగేదన్నమాట. నేను వంటింట్లో గిన్నెలు చప్పుడు చేసుకుంటున్నాను. గదిలో అమ్మా, స్టూలు మీద ఆ ఫోనూ.

వెనక్కి తిరిగాను. ఆయనకి తెలిసిపోయింది తనేమన్నారో. మొహం మారిపోయింది. టీ గ్లాసు పక్కకి జరిపి ఏదో ఫైలు తెరిచారు.

“నన్ను ఏమని చెప్పేదండీ?” అన్నాను. “ఆశ అనేదా, ఆశాజ్యోతి అనేదా? చిన్నప్పుడు ఇంకో పేరుండేది. అలా అనేదా? అది ఒక్కటే చెప్పండి. ఇంకేమీ అడగను.”

ఆయన తల ఎత్తలేదు. పేజీ తిప్పారు. అందులో చదవడానికేమీ లేదని ఇక్కడి నుంచే కనిపిస్తోంది.

“వెళ్ళండమ్మా,” అన్నారు.

వచ్చేశాను. పెన్‌డ్రైవ్ ఆయన బల్ల మీదే ఉండిపోయింది. మరిచిపోయి వచ్చానని రాసుకుంటున్నాను.